మా ఇంటి వెనక కోళ్ల గంప

మా ఇంటి వెనక వేపచెట్టు కింద ఎనిమిది అడుగుల వెడల్పున్న కోళ్ల గంప ఒకటుంది. కొత్తగా ఇంటికొచ్చినవాళ్లు ముందు దాన్నే అడుగుతారు, ఇంత పెద్ద గంప ఎందుకు అల్లించారు, ఎన్ని కోళ్లున్నాయి మీకు అని. పదకొండు పెట్టలు, ఒక పుంజు. అన్నీ లోపలికి దూరినా పావు వంతు కూడా నిండదు. ఎందుకంటే అది గంప కాదు, బోర్లించిన పుట్టి. మా తాత కట్టిన ఆఖరి పుట్టి. 2010లో కట్టాడు, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా కృష్ణలో దిగలేదు.

దీని గురించి రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. పోయిన ఎండాకాలం ఊళ్లో ఒకటి జరిగింది, దాని వల్ల ఇప్పటికి కూర్చున్నాను. అది తర్వాత చెప్తాను. ముందు పుట్టి అంటే ఏంటో తెలియనివాళ్లకు చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో మా ఆఫీసులో ఈ మాట అంటే గోడలకు పూసే పుట్టీ అనుకున్నారు. యూట్యూబ్‌లో కొట్టినా అదే వస్తుంది, రెండు పూతలు వేయాలా మూడు పూతలు వేయాలా అని. వ్యవసాయం ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లకైతే పుట్టి అంటే ఇరవై తూముల కొలత. మేమనే పుట్టి మాత్రం నీళ్ల మీద తేలే పెద్ద బుట్ట. గుండ్రంగా, లోతు తక్కువగా, అడుగు చదునుగా ఉంటుంది. వెదురు బద్దలతో అల్లి, నీళ్లు దూరకుండా బయట ఏదో ఒకటి కప్పుతారు. ఆ కప్పేది ఏంటన్నదే మా ఇంట్లో నాలుగు తరాల ముచ్చట. కన్నడం వాళ్లు దీన్నే హరిగోలు అంటారు, తమిళులు పరిసల్ అంటారు.

మాది సోమశిల వైపు, కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డున. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ ఊరు నీళ్ల కిందుంది, పేరు మాత్రం గట్టు మీద కాలనీకి పెట్టుకున్నారు. మేం బెస్తవాళ్లం, చేపలు పట్టేదీ మేమే, జనాన్ని ఒడ్డు దాటించేదీ మేమే. అవతలి ఒడ్డు అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఇప్పుడు అది వేరే రాష్ట్రం, అప్పుడు అది మా మేనత్తల ఊరు, అంతే.

శ్రీశైలం డ్యామ్ రాకముందు మా దగ్గర కృష్ణ రాళ్ల నది. ఇప్పుడు సోమశిలకు టూరిస్టులుగా వచ్చి, సముద్రంలా పరుచుకున్న నీళ్ల ముందు ఫొటోలు దిగేవాళ్లకు ఇది ఊహకందదు. వానాకాలం ఎర్రటి వరద ఒడ్లొరుసుకుంటూ పోయేదట, సంక్రాంతి దాటాక నీళ్లు పాయలు పాయలుగా విడిపోయి, మధ్యలో బండలు తేలి, అక్కడక్కడ మడుగులు మిగిలేవట. ఇట్లాంటి చోట ముక్కున్న కర్ర పడవ పనికిరాదు. బండకు కొడితే పలక పగులుతుంది, నీళ్లు తక్కువైతే ఇసుకలో కూరుకుంటుంది, ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు ఎత్తుకుపోలేం. పుట్టికి జానెడు నీళ్లు చాలు. బండకు తగిలితే వెదురు కాబట్టి కొంచెం లోపలికి ఒంగి మళ్లీ లేస్తుంది. నీళ్లు అయిపోతే వీపు మీద బోర్లించుకుని నడుచుకుంటూ పోవచ్చు. దూరం నుంచి చూస్తే తాబేలు రెండు కాళ్ల మీద లేచి నడుస్తున్నట్టు ఉండేదని మా నాయిన చెప్తాడు. అంటే పుట్టి ఎవరికో తోచిన వింత ఆకారం కాదు, ఈ నది రాళ్లను చూసి, నీళ్లను చూసి కట్టుకున్నది. నేను చెప్పదలుచుకున్నది చాలావరకు ఇదే, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

తిరగడం అంటే గుర్తొచ్చింది. 1520 ప్రాంతంలో విజయనగరం చూడటానికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు అక్కడి పుట్లను చూసి రాశాడు. విజయనగరం పక్కన పారే తుంగభద్ర ఆలంపూర్ దాటాక మా కృష్ణలోనే కలుస్తుంది కాబట్టి అవి మా పుట్లకు అన్నదమ్ములే. నేను ఫోన్‌లో చదివి తాతకు మా భాషలో చెప్పాను. ఐదొందల ఏండ్ల కింద ఒక దొర వచ్చిండు తాతా, లోపల వెదురు, బయట తోలు, పదిహేను ఇరవై మంది ఎక్కుతరు, గుర్రాలను ఎద్దులను గూడ అవసరమైతే దాటిస్తరు, కానీ ఇవి నేరుగ పోవు, గిరగిర తిరుగుతనే ఉంటయి అని రాసిండు అని. తాత బీడీ ఆర్పకుండా అంతా విన్నాడు.

"ఆ దొరను ఎక్కించుకున్నోడు కొత్తోడై ఉంటడు" అన్నాడు.

ఇంకా ఉంది తాతా, నెపోలియన్‌ని ఓడించిన వెల్లెస్లీ ఉన్నాడు కదా, ఆయన కూడా 1803లో మరాఠాల మీదికి పోతూ సైన్యాన్ని నదులు దాటించడానికి ఇట్లాంటి బుట్ట పడవలే కట్టించుకున్నాడు అని చెప్పాను. నెపోలియన్ ఎవరో తాతకు తెలియదు. "ఎన్ని కట్టించిండు, బొంగులు ఏడికెళ్లి దెచ్చిరి?" అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నకు నా ఫోన్‌లో జవాబు దొరకలేదు.

కొత్తవాడు తోస్తే పుట్టి తిరగడం మాత్రం నిజం. దానికి ముందూ వెనకా లేవు, మొగం ఎటో వీపు ఎటో తెలియని వస్తువు. మామూలు పడవలో కూర్చున్నట్టు పక్కన కూర్చుని తెడ్డు వేస్తే ఉన్నచోటే బొంగరం తిరిగినట్టు తిరుగుతుంది. ఎటు పోవాలో ఆ అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ముందుకు చాపి నీళ్లను తన వైపుకు లాక్కోవాలి, లాగేటప్పుడు కొంచెం కుడికి, కొంచెం ఎడమకు తిప్పుతూ ఉండాలి. అంటే నీళ్లను తోయడం కాదు, దారిని లాక్కోవడం. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి తెడ్డు ఇచ్చారు. మూడు చుట్లు తిరిగాక కళ్లు తిరిగి అంచు మీదికి ఒంగాను, తాత మెడ పట్టుకుని లోపలికి గుంజాడు. ఆ తర్వాత ఇవ్వలేదు. హంపిలో ఇప్పుడు టూరిస్టులను ఎక్కించుకుని కావాలని గిరగిర తిప్పుతున్నారు, అరుపులూ సెల్ఫీలూ. మా తాతల కాలంలో తిప్పకుండా తీసుకుపోయినవాడు మొనగాడు, ఇప్పుడు ఎక్కువ తిప్పినవాడికి ఎక్కువ డబ్బులు. తప్పు పట్టడం లేదు, నవ్వొచ్చి రాస్తున్నాను.

ఇక తోలు సంగతి. మా తాత తండ్రి కాలంలో పుట్టికి బర్రె తోలు కప్పేవాళ్లు. ఒక మోస్తరు పుట్టికి రెండు మూడు తోళ్లు కావాలి. ఊళ్లో మాదిగవాళ్ల లందలో, అంటే తోళ్లు నానేసే తొట్టిలో, తంగెడు చెక్కతో ఊనిన తోళ్లు తెచ్చి, వాటిని కలిపి కుట్టి, తడిగా ఉన్నప్పుడే బుట్ట మీద బిగించేవాళ్లు. ఆరేకొద్దీ అదే గుంజుకుని డప్పులా బిగుసుకునేది. బావిలో నీళ్లు తోడే మోట బొక్కెనలు కుట్టేదీ వాళ్లే, పుట్టి తోళ్లు కుట్టేదీ వాళ్లే. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాక ఆ కుట్టే పని ఊళ్లోంచే పోయింది, దాంతో పాటు పుట్టి తోలు కూడా పోయిందని తాత లెక్క. పుట్టి కట్టడం అంటే బెస్తవాళ్ల పని అనుకుంటాం కానీ వెదురు చీల్చడానికి మేదరోళ్లు, తోలుకు మాదిగోళ్లు, తెడ్డుకు వడ్లాయన, అందరి చెయ్యీ పడితేనే అది నీళ్లలో దిగేది. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పుకోరు.

తోలు పుట్టితో ఒక పెద్ద తలనొప్పి ఉండేదట. రోజంతా నీళ్లలో ఉంచితే మెత్తబడి కుళ్లుతుంది, ఎండలో ఎక్కువ ఉంచితే పెళుసెక్కుతుంది. అందుకని పొద్దున పని కాగానే ఒడ్డు మీద బోర్లించి ఆరబెట్టాలి, వారానికో పక్షానికో ఆముదం పట్టించాలి. కుక్కలు దాన్ని వదిలేవి కాదు. రాత్రిపూట పుట్టి దగ్గర ఎవరో ఒకరు పడుకోవాల్సి వచ్చేది, దొంగల భయానికి కాదు, కుక్కల భయానికి. తాత చిన్నప్పుడు ఆయన డ్యూటీ అదే.

జనాన్ని దాటించినందుకు అప్పటికప్పుడు డబ్బులు ఇచ్చే అలవాటు తక్కువ. పంట కాలంలో కళ్లం దగ్గరికి పోతే జొన్నలు కొలిచేవాళ్లు. పుట్టి తోసినందుకు పుట్టెడు జొన్నలా తాతా అని నేను జోక్ చేస్తే, "పుట్టెడు ఎవడిస్తడు బిడ్డా, రెండు మానికలు కొలిస్తే మొక్కి వస్తుంటిమి" అన్నాడు.

మా అవ్వ పెళ్లయి వచ్చింది పుట్టిలోనే, అవతలి ఒడ్డు నుంచి. లేచి నిలబడొద్దు, అంచు పట్టుకోవద్దు, నడుమల కూర్చో అని చెప్పి, ఒళ్లో ట్రంకు పెట్టె పెట్టి కూర్చోబెట్టారట. చుట్టూ మగవాళ్లు నిలబడితే ఆమెకు కనబడ్డవి వాళ్ల కాళ్లు, పైన ఆకాశం. ఆ ఆకాశం కొంచెం కొంచెం తిరుగుతా ఉంది అని చెప్తుంది. అంటే తాత మొనగాడితనం మీద నాకు అప్పుడప్పుడు అనుమానం. ఆయన మాత్రం ఆ రోజు తోసింది తను కాదు, పెండ్లికొడుకు తెడ్డు పడ్తడా అంటాడు. అవ్వ ఆ తర్వాత పుట్టింటికి పోవాలన్నా, తప్పనిసరైతే తప్ప పుట్టి ఎక్కలేదు. నీళ్లు తగ్గే దాకా ఆగి, మాఘంలో బండల మీద నడిచి పోయేదట.

తోలు పోయాక వచ్చింది గోనెపట్ట, డాంబర్. ఆ తర్వాత యూరియా బస్తాలు వచ్చాయి, అప్పుడు గోనెపట్ట కూడా పోయింది. ఇది నేను కళ్లారా చూసిన కాలం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. వెదురు నల్లమల నుంచి వచ్చేది. అడవి టైగర్ రిజర్వ్ అయ్యాక కొనుక్కోవడమే, బొంగు ధర విని తాత తిట్టని తిట్టు లేదు. పచ్చి బొంగును నిలువునా చీల్చి, బద్దలు తీసి, ఒక రోజు నీళ్లలో నానేస్తారు. నేల మీద మూడేసి బద్దలు అడ్డంగా, మూడేసి నిలువుగా పరిచి నడుమ నుంచి అల్లుకుంటూ వస్తారు. అడుగు భాగం కావాల్సినంత వెడల్పు వచ్చాక, దాని మీద పెద్ద పెద్ద రాళ్లు పెడతారు. అప్పుడు చుట్టూ మిగిలిన కొసలను పైకి వంచి, వాటి మధ్య నుంచి సన్న బద్దలు చుట్టుకుంటూ రెండడుగుల ఎత్తు దాకా అల్లుతారు. రాళ్లు లేకపోతే వంచినప్పుడల్లా అడుగు కూడా లేస్తుంది. అంచుకు మాత్రం అందరికంటే గట్టి చెయ్యి కావాలి, మూడు నాలుగు లావు బద్దలు కలిపి చుట్టూ తిప్పి తాడుతో బిగించి కట్టాలి, పుట్టి బలమంతా అక్కడే. ఇద్దరు కూర్చుంటే మూడు నాలుగు రోజుల పని.

ఆ తర్వాత యూరియా బస్తాలు విప్పి, కలిపి కుట్టి, బోర్లించిన బుట్ట మీద బిగించాలి. దాని మీద డాంబర్. డాంబర్ కొనడం అనే మాట మా ఇంట్లో నేను వినలేదు. ఎక్కడ రోడ్డు వేస్తున్నారో తెలుసుకుని, అక్కడి ఖాళీ డ్రమ్ముల అడుగున మిగిలింది గీకి తెచ్చుకునేవాళ్లు. మా ఊరికి రోడ్డు ఎప్పుడు వస్తుందా అని ఊళ్లో అందరూ ఎదురుచూసింది బస్సు కోసం, మా వాళ్లు ఎదురుచూసింది డాంబర్ కోసం. మూడు రాళ్ల పొయ్యి మీద పాత డబ్బాలో దాన్ని కాచేవాళ్లు. అది మరిగేటప్పుడు బుడగలు పెద్దగా, నెమ్మదిగా లేచి పగులుతాయి, ఒక్కో బుడగ పగిలినప్పుడు చిన్న చుక్క ఎగురుతుంది. మా నాయిన కుడి ముంజేతి మీద అణా కాసంత నల్లటి మచ్చ ఉంది, అట్లాంటి చుక్కే. తుడవబోతే చర్మం ఊడి వస్తుంది, అట్లనే వదిలేసి నీళ్లు పోయాలి అని అప్పుడు నేర్చుకున్నాం.

పూత అయ్యాక తాత ఒక పరీక్ష చేసేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పుట్టిని బోర్లించి, నన్ను కిందికి దూరమనేవాడు. లోపల చిమ్మచీకటి, డాంబర్ వాసనకు ముక్కు మండేది. ఎక్కడైనా సూది మొనంత వెలుతురు కనబడితే అక్కడ లోపల నుంచి వేలితో తట్టాలి, బయట తాత ఆ చప్పుడు విని అక్కడ ఇంకో చుక్క పూస్తాడు. చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయేవి. అన్నీ ఆరిపోయాక కూడా నేను వెంటనే బయటికి వచ్చేవాణ్ని కాదు, ఊరికే తట్టేవాణ్ని. తాత నాలుగైదు సార్లు పూసి, అబద్ధమని తెలిసి, పైనుంచి కట్టెతో ఒక్కటి వేసేవాడు.

ఇక డ్యామ్. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన అయింది, నీళ్లు మా ఊళ్ల మీదికి వచ్చింది మాత్రం 1981లో. పాలమూరు, కర్నూలు జిల్లాల్లో కలిపి దాదాపు వంద ఊళ్లు పోయాయి. గుళ్లను కొన్నింటిని రాయి రాయి విప్పి ఎత్తుకుపోయి వేరే చోట కట్టారు, కూడవెల్లి సంగమేశ్వరాలయం ఆలంపూర్‌కు వచ్చింది అట్లనే. ఇళ్లకు అంత భాగ్యం లేదు. మా వాళ్లు దూలాలు, తలుపులు, తిరగలి రాళ్లు ఊడబీకి, నీళ్లు కమ్మిన చోట పుట్లలో వేసుకుని గట్టుకు చేర్చారు. మా పుట్లు జన్మలో ఎన్నడూ అంత బరువు మోయలేదట. ముంపు కుటుంబాలకు ఉద్యోగాల కోసం 1986లో వచ్చిన 98 జీవో సంగతి రాయడం మొదలుపెడితే ఇంకో పోస్టు అవుతుంది. మా కాలనీలో ఆ నంబరు తెలియని ముసలాయన లేడు.

అప్పటి నుంచి నది నది కాదు. 885 అడుగుల మట్టం దాకా నిండితే అవతలి ఒడ్డు మసకగా కనబడుతుంది. అంత వెడల్పు నీళ్ల మీద ఆషాఢం గాలి తగిలితే అలలు లేస్తాయి, నది కాలంలో ఎవరూ చూడని అలలు. పుట్టికి అడుగున పట్టు లేదు, గాలి ఎటు తోస్తే అటు జారుతుంది. వల వేసి వెనక్కి చూస్తే ఒడ్డు ఎటో పోయి ఉండేది. పారే నీళ్లకు, బండలకు కట్టుకున్న వస్తువు, నిలిచిన నీళ్లలో దిక్కుతోచకుండా అయింది. అదే సమయంలో వైజాగ్ వైపు నుంచి జాలరి కుటుంబాలు వచ్చాయి. సముద్రం తెలిసినవాళ్లు, వాళ్ల పడవలకు ముక్కుంది, తర్వాత ఇంజన్లు కూడా వచ్చాయి. ఒడ్డున గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉంటారు. అలివి వలల గొడవలు వేరే, చిన్న పిల్లను కూడా వదలకుండా ఊడ్చే వలలవి, వాటి మీద మా వాళ్లకు ఉన్న కోపం న్యాయమైనదే. కానీ పడవ విషయంలో తాత వాళ్లను ఒక్క మాట అనడు. "ఆళ్ల పడవ అలను కోసుకొని పోతది, మనది అల మీద ఎక్కి కూసుంటది, ఏది మంచిదో నువ్వే చెప్పు" అంటాడు.

అట్లని పుట్టి చచ్చిపోలేదు. పైకి పోతే గద్వాల దగ్గర గుర్రంగడ్డ ఉంది, కృష్ణ మధ్యలో దీవి మీద ఊరు, అక్కడివాళ్లకు పుట్టి అంటే బస్సు, అంబులెన్సు అన్నీ. మా దగ్గర కూడా ఒడ్డు వెంబడి వల వేసేవాళ్లు, చిన్న పాయల్లో పట్టేవాళ్లు పుట్టినే వాడతారు. నల్లగొండ వైపు చెరువుల్లో మాత్రం నేను పుట్టి చూడలేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో థర్మాకోల్ ముక్కలను పట్టలో చుట్టి కట్టిన తెప్ప మీద కూర్చుని చేతులతోనే తోసుకుంటారు. చెరువు నీళ్లకు అది చాలు. అక్కడి మామయ్యలు మా పుట్టిని చూసి, ఇంత కష్టం ఎందుకు అంటారు.

2007 జనవరిలో కొల్లాపూర్ వైపు కృష్ణలో పడవ మునిగి పదుల మంది చనిపోయారు. ఆ వారం మా కాలనీలో ఎవరూ వల ముట్టలేదు. తాతకు పుట్టి విషయంలో ఒకే ఒక రూల్ ఉండేది, అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు ఖాళీ. జానెడు పోయి నాలుగు వేళ్లకు వచ్చిందంటే ఎంత పెద్దమనిషినైనా దిగమనేవాడు. దాని వల్ల ఆయనకు ఊళ్లో మంచి పేరేమీ రాలేదు, దింపబడ్డవాళ్లందరికీ కోపమే.

2009 అక్టోబర్ వరద మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కర్నూలు మునిగింది, ఆలంపూర్ మునిగింది, శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిందన్నారు. ఒడ్డున కట్టేసి ఉన్న మా రెండు పుట్లూ ఆ రాత్రి పోయాయి. ఒకటి ఎక్కడో దిగువన ముళ్లకంపలో దొరికిందని విన్నాం, పోయి చూస్తే అంచు మాత్రం ఉంది. చిన్నాయిన అప్పు చేసి ఫైబర్ పుట్టి తెచ్చాడు. నీలం రంగు, అదే గుండ్రటి ఆకారం, అచ్చులో పోసింది. నేను సెలవుకు పోయి దాన్ని చూసి మొహం ముడుచుకున్నాను, ఏదో ప్లాస్టిక్ టబ్బులా ఉందని. తాతకు బాధగా ఉంటుందని ఓదార్చడానికి కూడా తయారయ్యాను. ఆయన వేలి గణుపుతో రెండు చోట్ల కొట్టి చూశాడు, అంచు పట్టి ఒక చేత్తో లేపి చూశాడు.

"బాగుంది" అన్నాడు.

అంతేనా తాతా అంటే, "బొంగు పుట్టి తడిస్తె ఎంత బరువో మోసినోనికి తెలుస్తది, నీకేం తెలుస్తది. ఏటేట డాంబర్ కాసే పని లేదు, ఎలుక కొరకదు" అన్నాడు. నేను బెంగ పెట్టుకున్నంత కూడా ఆయన పెట్టుకోలేదు. ఊరు వదిలి వచ్చినవాళ్లకే పాత వస్తువుల మీద ఈ ప్రేమ ఎక్కువ అని నాకు అప్పుడు అనిపించింది, ఇప్పటికీ అట్లనే అనిపిస్తుంది.

మరి ఆ తర్వాతి సంవత్సరం ఇంకో పుట్టి ఎందుకు కట్టాడు? చాలా ఏళ్లు నాకు నేనే ఏవేవో అర్థాలు చెప్పుకున్నాను, చేతుల్లో ఉన్న విద్య ఊరుకోనివ్వలేదని, ఇంకా ఏదేదో. మొన్న అడిగేశాను. "వరద కన్న ముందే బొంగులు కొనిపెట్టుంటిని గద, ఊకె పెడితే పురుగు పడ్తయి" అన్నాడు. కట్టాడు, బస్తాలు బిగించాడు, డాంబర్ పూశాడు. అడిగేవాళ్లు లేక వెనక బోర్లించాడు. మొదటి వానకు అవ్వ కోళ్లను దాని కిందికి తోలింది.

ఇప్పుడు పోయిన ఎండాకాలం సంగతి. నీళ్లు బాగా తగ్గాయి. అట్లా తగ్గినప్పుడు, అవతలి ఒడ్డు వైపు నీళ్లలోనే మిగిలిపోయిన సంగమేశ్వరం గుడి (ఆలంపూర్‌కు తెచ్చిన కూడవెల్లి గుడి కాదు, ఇది వేరే) బయటపడినట్టే మా పాత ఊరి మొండిగోడలు కూడా అక్కడక్కడ తేలతాయి. నీళ్ల కింద ఎక్కడ ఏముందో తాతకు కంఠతా వచ్చు, ఈడ బురుజు, ఈడ చింతచెట్టు మొద్దు, ఈడ రచ్చకట్ట అని ఒడ్డు మీద నిలబడి చెప్తాడు. వలలు చిక్కుకోకుండా ఉండాలంటే ఆ లెక్క తెలియాలి. చిన్నాయినకు సగం తెలుసు. తెల్లవారుజామున వల తీస్తుండగా ఫైబర్ పుట్టి దేనికో గట్టిగా తగిలి, అడుగున మూరెడు పగులు ఇచ్చింది. నీళ్లు తోడుకుంటూ ఎట్లాగో ఒడ్డుకు వచ్చాడు. ఎక్కడ తగిలిందో చెప్పగానే తాత నవ్వాడు, "అది మన ఇంటి ఎనక గోడరా" అని.

వెదురు పుట్టి అయితే అక్కడ ఒంగి లేచేది, మహా అయితే బస్తా చినిగేది. ఫైబర్ ఒంగదు, పగులుతుంది. కొల్లాపూర్‌లో అతికేవాళ్లను అడిగితే నాలుగు రోజులు ఆగమన్నారు. చేపల సీజన్‌లో నాలుగు రోజులంటే చిన్నాయినకు టెన్షన్. తాత లోపలికి పోయి, కోళ్ల గంపకు వానాకాలం పూయడానికి దాచిపెట్టుకున్న డాంబర్ డబ్బా తెచ్చాడు. ఎనభై దాటిన మనిషి, మూడు రాళ్లు ఆయనే పేర్చాడు. యూరియా బస్తా ముక్క కోసి, పగులు మీద పరిచి, కాచిన డాంబర్ పోసి, చెక్కతో సర్దాడు. నన్ను కిందికి దూరమనలేదు, నేనే దూరాను. వెలుతురు రాలేదు కానీ ఫైబర్ నీలం రంగు కదా, అదే కొంచెం నీలంగా మెరుస్తూ ఉండి ఏది చిల్లో ఏది కాదో తెలియలేదు.

ఆ అతుకు మూడో రోజు ఊడింది. ఫైబర్‌కు డాంబర్ సరిగా పట్టదట. మూడు రోజులైనా ఆగింది కదా అని తాత, మూడో రోజు నడుమ నీళ్లలో ఊడితే ఏమయ్యేది అని చిన్నాయిన, సాయంత్రం దాకా వాదులాడుకున్నారు. తర్వాత కొల్లాపూర్ నుంచి ఒక కుర్రాడు వచ్చి, బట్ట పరిచి రెసిన్ పూసి గంటలో అతికేసి పోయాడు. తాత ఆ గంటా పక్కనే కూర్చుని, ఆ డబ్బాలో ఏముంటది, ఎంతకొస్తది, చేతికంటితే ఎట్ల పోతది అని అడుగుతూనే ఉన్నాడు.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. బాగున్నవా, తిన్నవా అని రెండు మాటలు అడిగి అసలు విషయానికి వచ్చాడు. కోళ్ల గంప కారుతోందట. ఉన్న డాంబర్ అంతా ఆ నీలం దానికే పాయె, వచ్చేటప్పుడు ఒక డబ్బా పట్టుకురా, కోళ్లు తడుస్తున్నయి అన్నాడు. రోడ్డు పని జరిగే చోట అడిగితే ఇస్తరు, కొనకు అని కూడా చెప్పాడు.